బోరింగ్ చేయించిన ఇంజిన్ మళ్ళీ మొరాయిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

బోరింగ్ (సిలిండర్ లోపలి గోడను కోసి, కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు వేయడం) చేయించి రెండు నెలలైనా కాలేదు, సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. లేదా ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి వేగం పెంచగానే కింద నుంచి టక్కుటక్కుమని కొడుతోంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ సగానికి దిగింది. పని చేసిన మెకానిక్‌ని అడిగితే "కొత్త రింగులు కదా సార్, సెట్ కావాలి" అంటాడు. ఇంకో గ్యారేజీకి వెళ్తే "ఎవరు చేశారు సార్ ఇది? మొత్తం విప్పాల్సిందే" అంటాడు. హైదరాబాద్‌లో పాత కారు నడిపేవాళ్ళు, అందులోనూ క్యాబ్ మీదే బతికేవాళ్ళు ఈ రెండు మాటల మధ్య నలిగిపోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది. కిస్తీలు ఆగవు, బండి కదలదు.

విప్పాల్సిందే కావచ్చు. కానీ ఎలా విప్పుతారన్నది ముఖ్యం. మన గ్యారేజీల్లో అలవాటు ఏమిటంటే, బోల్టులు తీయడం, సామాన్లన్నీ ఒక ట్రేలో పడేయడం, కిరోసినో డీజిలో పోసి బ్రష్‌తో కడిగేయడం. ఇంజిన్ ఎందుకు పోయిందో చెప్పే సాక్ష్యమంతా ఆ ట్రేలోనే కొట్టుకుపోతుంది. తర్వాత కొత్త రింగులు, కొత్త బేరింగులు వేస్తారు. అసలు తప్పు అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళకు మళ్ళీ అదే పొగ, అదే శబ్దం. అందుకే ఈ పని మొత్తంలో మీరు పట్టుబట్టాల్సింది ఒకటే: కళ్ళతో చూసి, ఫోటో తీసి, కొలిచేదాకా ఏ ముక్కనూ కడగనివ్వొద్దు.

1. ముందు కాగితాలు

మొదటి మెకానిక్ బిల్లు, స్పేర్ పార్ట్స్ బిల్లులు, లేత్ షాపు (సిలిండర్లు, క్రాంక్ కోసే మెషిన్ షాపు) చీటీ దగ్గర పెట్టుకోండి. లేత్ చీటీని చాలామంది పట్టించుకోరు గానీ నా దృష్టిలో అన్నిటికంటే విలువైన కాగితం అదే. సిలిండర్లు ఏ సైజుకి బోర్ చేశారు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎంత గ్రైండ్ చేశారు, హెడ్ (సిలిండర్లను పైన మూసే భాగం) ఫేసింగ్, అంటే అడుగు చదును, చేశారా లేదా అన్నది దాంట్లోనే ఉంటుంది. పిస్టన్లు మామూలుగా 0.25, 0.50 మి.మీ. ఓవర్‌సైజుల్లో దొరుకుతాయి. క్రాంక్ గ్రైండ్ చేస్తే బేరింగులు కూడా అంతే అండర్‌సైజువి (సన్నబడ్డ క్రాంక్‌కి సరిపోయేవి) వేయాలి. పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపుల్లో కొన్న బేరింగుల బిల్లు మీద స్టాండర్డ్ అని ఉండి, లేత్ చీటీలో క్రాంక్ 0.25 గ్రైండింగ్ అని ఉంటే, ఒక్క బోల్టు తీయకుండానే సగం సమాధానం దొరికినట్టు. చీటీ పోతే లేత్ షాపుకే వెళ్ళి అడగండి, పుస్తకంలో రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళు చూసి చెబుతారు.

పని అయ్యాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ గ్రేడ్ ఆయిల్ పోశారు, రేడియేటర్‌లో కూలెంట్ పోశారా బోరు నీళ్ళు పోశారా అన్నవి కూడా రాసి పెట్టుకోండి. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే హీటెక్కడానికి అది చాలు. అలా హీటెక్కి హెడ్ వంగితే ఆ తప్పు ఇంజిన్ కట్టినవాడిది కాదు. ఎదుటివాడిని నిలదీసే ముందు మన వైపు కూడా చూసుకోవడం న్యాయం.

2. పొగ, శబ్దం

పొగ ఎప్పుడు వస్తోందో గమనించండి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోర్ వైపు చూడాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గక, తియ్యటి వాసన వస్తుంటే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోంది. డీజిల్ బండి అయితే టర్బో నుంచి వచ్చే గొట్టం విప్పి చూడండి. అందులో ఆయిల్ కారుతుంటే ఆయిల్ తాగుతున్నది టర్బో కావచ్చు, ఇంజిన్ కాకపోవచ్చు.

శబ్దం పైన సన్నగా టిక్‌టిక్‌మంటే వాల్వుల దగ్గర. చల్లగా ఉన్నప్పుడు కొట్టి వేడెక్కాక తగ్గితే పిస్టన్ బోర్‌లో వదులుగా ఉందేమో చూడాలి. లోడ్ మీద కింద నుంచి బరువుగా కొడుతూ, ఒక సిలిండర్ ప్లగ్గో ఇంజెక్టరో కనెక్షన్ తీయగానే ఆ దెబ్బ తగ్గితే, ఆ సిలిండర్ బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే చోటిది) పోతోందని అర్థం. ఈ శబ్దం వచ్చాక బండి నడపకండి. గ్యారేజీ దాకా కూడా టోయింగ్‌లోనే తీసుకెళ్ళండి. బేరింగ్‌తో పోయేది రాడ్డుకు, రాడ్డు నుంచి బ్లాకుకు పాకితే ఖర్చు ఎక్కడికో వెళ్తుంది.

3. విప్పకుండా చేయగలిగిన పరీక్షలు

మొదట ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డ్ లైటు వెలగలేదు కాబట్టి ప్రెషర్ బాగుందని అనుకోవద్దు, ప్రెషర్ దాదాపు పడిపోతే గానీ ఆ లైటు వెలగదు. ప్రెషర్ స్విచ్ తీసి ఆ రంధ్రంలో గేజ్ బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడాలి. ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్ఐ అన్నది పాతకాలం నుంచి మెకానిక్‌లు వాడే లెక్క. మీ బండి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక బాగా పడిపోతే బేరింగ్ గ్యాప్ ఎక్కువైంది, లేదా పంపుకు ఆయిల్ సరిగా అందడం లేదు.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడటం. పెట్రోల్ బండికి అన్ని ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్, ఇగ్నిషన్ ఆపి, ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. పెట్రోల్ ఇంజిన్లలో ఎక్కువగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య, డీజిల్‌లో 350కి పైన రావాలి. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 15 శాతం దాటితే ఆగి ఆలోచించాలి. పెట్రోల్ ఇంజిన్‌లో తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్కెట్ గానీ. డీజిల్‌లో ఈ ఆయిల్ ప్రయోగం చేయొద్దు, కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ప్రమాదం.

దీనికంటే స్పష్టంగా చెప్పేది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ని కంప్రెషన్ పైకొసలో నిలిపి ప్లగ్ రంధ్రం నుంచి గాలి ఎక్కిస్తారు. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినాలి. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వ్, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. మన గ్యారేజీల్లో బ్యాక్ కంప్రెషన్ అని ఆయిల్ మూత తీసి చెయ్యి అడ్డం పెట్టి తేల్చేస్తుంటారు. దానితో అనుమానం మొదలుపెట్టొచ్చు గానీ తీర్పు చెప్పకూడదు. ఫోన్‌కి పెట్టుకునే సన్నని బోరోస్కోప్ కెమెరా ఉంటే ప్లగ్ రంధ్రంలోంచి బోర్ గోడ కూడా చూడొచ్చు. అడ్డదిడ్డంగా ఉండాల్సిన హోనింగ్ (బోర్ గోడను రాయితో రుద్దడం) గీతలు చెరిగిపోయి నిలువు గీతలు కనిపిస్తే, లోపలికి ఏదో గట్టిది వెళ్ళి గీసిందని అర్థం.

4. ఆయిల్, ఫిల్టర్

ఆయిల్‌ని శుభ్రమైన బకెట్‌లోకి దించండి. కొంచెం సీసాలో పట్టి తేదీ, కిలోమీటర్లు రాసి దాచండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి. తర్వాత ఫిల్టర్‌ని పారేయకుండా కోసి, లోపలి కాగితాన్ని విప్పి ఎండలో పరవండి. కోసేటప్పుడు హాక్సా బ్లేడు వాడితే దాని ఇనుప పొడే లోపల పడి మోసం చేస్తుంది, రేకు కత్తిరించే కత్తెర వాడండి. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే రింగులు, క్రాంక్, క్యామ్ లాంటి ఇనుప భాగాల నుంచి వచ్చింది. అంటుకోకుండా వెండిలా, రాగిలా మెరిస్తే బేరింగ్ పూత, లేదా పిస్టన్ అల్యూమినియం.

5. విప్పేటప్పుడు

ఇక్కడ మీరు దగ్గర ఉండాలి. "అన్నా, ఒక్క నిమిషం ఆగండి, కడగకముందు ఫోటో తీసుకుంటా" అంటే ఏ మంచి మెకానిక్ కూడా కాదనడు. విసుక్కునేవాడైతే ఆ పనికి వేరేవాళ్ళను చూసుకోండి.

ప్రతి బోల్టూ విప్పేముందు మార్కర్‌తో గీత గీయించండి. హెడ్ బోల్టుల్లో, బేరింగ్ క్యాపుల (బేరింగ్ మీద బిగించే మూతల) బోల్టుల్లో ఏదైనా చేతితోనే ఊడొచ్చిందంటే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) వాడలేదని తెలిసిపోతుంది. ఇప్పటి చాలా కార్లలో హెడ్ బోల్టులు కొంత టార్క్‌కి బిగించి, ఆపైన కోణం లెక్కన తిప్పేవి. ఒకసారి సాగినవాటిని మళ్ళీ వాడకూడదు. కొత్త బోల్టులు కొన్నట్టు బిల్లులో లేకపోతే అదొక గుర్తు. బ్లాకులో బోల్టు రంధ్రం అడుగున ఆయిలో నీళ్ళో నిలిచి ఉన్నాయేమో కూడా చూడండి. వాటితో బిగిస్తే రెంచ్ సరైన అంకె చూపిస్తుంది గానీ హెడ్ మీద పట్టు ఉండదు. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

హెడ్ తీయకముందే టైమింగ్ మార్కులు కలిశాయో లేదో ఫోటో తీయాలి. హెడ్ వచ్చాక గ్యాస్కెట్ చూడండి. తిప్పి వేశారా, ఆయిల్ రంధ్రం మూసుకుపోయిందా? కొన్ని డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ బ్లాకు పైకి ఎంత వస్తుందో కొలిచి దాన్నిబట్టి గ్యాస్కెట్ మందం ఎంచుకోవాలి. షాపులో దొరికిందేదో వేసేస్తే కంప్రెషన్ మారిపోతుంది.

ఇక చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పండి. నేను దగ్గరుండి చూసిన ఒక డీజిల్ క్యాబ్ ఇంజిన్‌లో అసలు సంగతి ఇక్కడే బయటపడింది. ఆయిల్ స్ట్రైనర్ జాలీ నిండా నీలం రంగు సీలెంట్ పోగులు, తెగిన సేమియా ముక్కల్లా అతుక్కుని ఉన్నాయి. చాంబర్ అంచుకు సీలెంట్ దట్టంగా పూసి బిగించారు. బయటికి వచ్చింది తుడిచేశారు, లోపలికి వెళ్ళింది ఎవరికీ కనిపించలేదు. అది ఊడి జాలీకి అడ్డం పడింది. ఆయిల్ సరిగా అందక మూడో సిలిండర్ బేరింగ్ నల్లగా మాడిపోయింది. సన్నని గీతలా పూయాల్సిన సీలెంట్ ఎక్కువ పూసినందుకు ఒక క్రాంక్ పోయింది. మామూలుగా అయితే ఆ చాంబర్‌ని తీయగానే కడిగేవాళ్ళు, బేరింగ్ క్వాలిటీ బాగోలేదని కొత్తవి వేసేవాళ్ళు.

6. బేరింగులు, రింగులు, బోర్

క్యాపుల మీద నంబర్లు, బాణం గుర్తులు ఉంటాయి. ఒకదాని స్థానంలో ఇంకోటి, లేదా తిరగేసి బిగించారేమో ముందు అది చూడాలి. తీసిన ప్రతి బేరింగ్ ముక్కనీ అట్ట మీద సిలిండర్ నంబర్ రాసి, పైదీ కిందదీ వేరుగా వరసలో పెట్టండి. వెనక వైపు సైజు ముద్ర ఉంటుంది, లేత్ చీటీతో సరిచూడండి. మెయిన్ బేరింగుల్లో చాలా ఇంజిన్లకు ఆయిల్ రంధ్రం ఉన్న ముక్క బ్లాకు వైపు రావాలి. దాన్ని క్యాప్‌లో వేసి, రంధ్రం లేనిది బ్లాకు వైపు వేస్తే ఆ జర్నల్‌కి (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగానికి) ఆయిల్ దారే మూసుకుపోతుంది. చూడ్డానికి చిన్న పొరపాటు, ఇంజిన్ మాత్రం ఎక్కువ దూరం పోదు.

బేరింగ్ ముఖాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూడండి. ఒకేచోట చిన్న మచ్చలా మెరుస్తుంటే, దాని వెనక వైపు చెత్త ఇరుక్కుని ఉండగా బిగించారన్నమాట. ముఖమంతా సన్నని గీతలు ఉండి, మెత్తటి పూతలో నల్లటి రవ్వలు గుచ్చుకుని ఉంటే అది హోనింగ్ రాయి పొడి. బోరింగ్ చేశాక సిలిండర్ గోడ గీతల్లో ఈ పొడి ఇరుక్కుంటుంది. కిరోసిన్, పెట్రోల్, డీజిల్‌తో కడిగితే నూనె మరక పోతుంది గానీ పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి నీళ్ళు, సబ్బు, గట్టి బ్రష్‌తో రుద్ది, తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడగాలి. వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూయాలి, లేదంటే తుప్పు పడుతుంది. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల పాడైనన్ని ఇంజిన్లు నకిలీ సామాన్ల వల్ల కూడా పాడవవని నా గట్టి నమ్మకం. పిస్టన్లు ఎంత మంచి కంపెనీవైనా ఆ పొడి ముందు నిలవవు. పొడి మిగిలిన ఇంజిన్ తనను తానే అరగదీసుకుంటుంది. ముందు రింగులు, తర్వాత బోర్, ఆయిల్‌తో తిరిగి చివరికి బేరింగులు. గ్యాస్కెట్ గీకడానికి వాడే ఎమెరీ కాగితం, రాపిడి ప్యాడ్ల పొడి చేసేదీ ఇదే.

పిస్టన్లు తీశాక రింగులు ఊడదీయకముందే వాటి నోళ్ళు (రింగు తెగి ఉండే చోట్లు) ఎక్కడున్నాయో చూడండి. అన్నీ ఒకే వరసలో ఉన్నా దాన్నే తప్పుగా పట్టుకోకండి, నడిచేటప్పుడు రింగులు తిరుగుతాయి. రింగు మీద చుక్కో, టాప్ అన్న అక్షరాలో ఉండే వైపు పైకి ఉందా అన్నది మాత్రం తప్పకుండా చూడాలి. రెండో రింగు పని ఆయిల్‌ని కిందికి గీకడం. అది తిరగబడితే ఆయిల్‌ని పైకి తోస్తుంది. కొత్త బోర్, కొత్త పిస్టన్, అయినా ఆయిల్ తాగుతోందంటే దీన్ని మొదట అనుమానించండి.

రింగుని బోర్‌లో పెట్టి, తలకిందులు చేసిన పిస్టన్‌తో సమంగా కిందికి తోసి, నోటి దగ్గర ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులతో) కొలవండి. బోర్ వ్యాసంలో ప్రతి 25 మి.మీ.కి సుమారు 0.1 మి.మీ. గ్యాప్ అన్నది మొదటి లెక్క. 73 మి.మీ. బోర్ ఉన్న చిన్న పెట్రోల్ కారుకు దాదాపు 0.3. కొత్త రింగుకే 0.8 వస్తే, రింగు సైజు తప్పు లేదా బోర్ ఎక్కువ కోశారు. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి కొనలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఆ కొనలు అద్దంలా మెరుస్తుంటాయి.

7. కొలతలు మరో లేత్ షాపులో

బ్లాకు, క్రాంక్, హెడ్ మొదట పని చేసిన చోటికి కాకుండా వేరే లేత్‌కి తీసుకెళ్ళండి. ఆటోనగర్‌లోనో రాణిగంజ్ వైపో డయల్ బోర్ గేజ్, మైక్రోమీటర్ వాడే షాపు అడిగి మరీ వెళ్ళండి. బోర్‌ని పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిపించి అంకెలన్నీ కాగితం మీద రాయించుకోండి. కోలగా ఉన్నా, పైకీ కిందికీ తేడా ఉన్నా అప్పుడే తెలుస్తుంది. బేరింగ్ గ్యాప్ చాలా చిన్న కార్లకు 0.02 నుంచి 0.05 మి.మీ. మధ్య ఉంటుంది. దాన్ని ప్లాస్టిగేజ్ పోగుతో కూడా కొలవొచ్చు. పోగు పెట్టి టార్క్‌కి బిగించి విప్పి, ఎంత వెడల్పుగా నలిగిందో స్కేలుతో చూస్తారు. మధ్యలో క్రాంక్ తిప్పకూడదు. హెడ్ మీద సమతలంగా ఉండే స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ దూర్చండి. 0.05 మి.మీ. దూరితే చాలా కార్లకు ఫేసింగ్ అవసరం.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే ఇంకోటి చూడాలి. 2020 అక్టోబర్ వరదల్లో నగరంలో ఎన్నో కార్లు మునిగాయి. ప్రతి వానాకాలం అండర్‌పాసుల్లో ఇంకొన్ని ఆగిపోతూనే ఉంటాయి. నీళ్ళు పీల్చిన ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ కొంచెం వంగి, ఆ పిస్టన్ పైకొసలో మిగతావాటికంటే కిందే ఆగిపోతుంది. రాడ్డు కొలవకుండా కొత్త పిస్టన్ వేసి బిగిస్తే తేడా అలాగే ఉంటుంది. నాలుగు పిస్టన్ల ఎత్తూ డయల్ గేజ్‌తో కొలిస్తే ఇది పట్టుబడుతుంది.

8. మొదటి మెకానిక్‌తో మాట్లాడటం

ఫోటోలు, లేత్ అంకెలు, దాచిన సామాను పట్టుకుని వెళ్ళండి. ఒక్క మాటలో తప్పు ఫలానా అని చూపించగలిగితే గొడవ పడక్కర్లేదు, చాలామంది మళ్ళీ చేసి ఇవ్వడానికో కొంత వెనక్కివ్వడానికో ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ గడువు ఉంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. క్యాబ్ అయితే సొంతంగా నడుపుకుని బతుకుతున్నామని ఫిర్యాదులో ముందే రాయండి. వ్యాపార అవసరానికైతే చట్టం వర్తించదని ఎదుటివాళ్ళు వాదించే అవకాశం ఉంది, స్వయం ఉపాధికి మినహాయింపు ఉంది. రెండో మెకానిక్ మాట కన్నా ఛార్టర్డ్ ఇంజినీర్ రిపోర్టుకు బరువెక్కువ, అది సామాను కడగకముందే రాయించుకోవాలి.

9. మళ్ళీ బిగించేటప్పుడు

సబ్బు నీళ్ళతో కడగడం, తెల్ల గుడ్డ పరీక్ష మీ ఎదురుగా జరగాలి. బ్లాకులో, క్రాంక్‌లో ఆయిల్ దారుల మూతలు తీసి సన్నని బ్రష్ దూర్చి కడిగించండి. పిస్టన్ పిన్ సర్‌క్లిప్ గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి, ఊడితే బోర్‌ని నిలువునా చీరేస్తుంది. బేరింగులకు ఆయిల్ పూయకుండా, పంపులో ఆయిల్ నింపకుండా స్టార్ట్ చేయనివ్వకండి. మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య మార్చి, ఆ ఫిల్టర్‌ని కూడా కోసి చూడండి.

బ్లాకు బాగుచేయలేని స్థితిలో ఉండి పాత ఇంజిన్ కొనాల్సి వస్తే, అమ్మినవాళ్ళ దగ్గర ఇంజిన్ నంబర్ రాసిన బిల్లు, అది తీసిన బండి కాగితాల కాపీ తీసుకోండి. ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించడానికి ఆర్టీఏలో దరఖాస్తు పెట్టి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఆ నంబర్ తెలియజేయండి.